మామయ్యగారు కాల్చేవారుగా!

బావగారి మీద కోపం ఇంకా తగ్గలేదు. పడుకున్నా నిద్ర పట్టడం లేదు. ఈయన "రేపు మాట్లాడుకోవచ్చుగా" అని అటు తిరిగి పడుకున్నారు. నేనైతే ఒకటే అనుకుంటున్నాను: నాన్న తుపాకీని ఇక ఎవరూ కాల్చకూడదు. గోడకి తగిలించేయాలి, అంతే.

లైసెన్స్ అక్క పేరుకు మారింది కదా, అందుకని సాయంత్రం దాన్ని బయటికి తీశారు. తుపాకీ చేతికి తీసుకోగానే మడత విప్పి రెండు గొట్టాలూ ఖాళీయేనా అని చూడాలి. బావగారు చూడలేదు. చిన్నాడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. నేనే తీసుకుని చూశాను, ఖాళీగానే ఉంది. "అన్నాళ్లు పెట్టెలో ఉన్నదానికి తూటా ఎక్కడినుంచి వస్తుందమ్మా" అన్నారు. ఖాళీ అనుకున్న తుపాకులే మనుషుల్ని చంపాయి.

తర్వాత పైన చెక్కిన పేరు ఫోన్లో వెతికి, ఇది ఫలానా పెద్ద కంపెనీదని తేల్చేశారు. పాత రోజుల్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పనివాళ్లు తుపాకీ చేసి, అమ్మే దుకాణం పేరు దాని మీద చెక్కి ఇచ్చేవాళ్లు. పేరున్న కంపెనీల్ని పోలిన పేర్లు చెక్కినవీ చాలా ఉన్నాయి. కాబట్టి పై పేరుని నమ్మకూడదు. గొట్టాలు విడదీసి అడుగున చూడాలి.

విడదీశాను. పాత గ్రీజు తుడిస్తే కిరీటం కింద అడ్డంగా పెట్టిన రాజదండాల ముద్రలు కనిపించాయి. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు పరీక్షించే చోట వేసినవి. పక్కనే చిన్న అక్షరాల్లో 'నాట్ ఫర్ బాల్' అని ఉంది. మూతి దగ్గర ఇరుకు చేసిన గొట్టంలో ఒంటి గుండు వేయొద్దని ఆ ముద్ర. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల దాన్ని 1875 నుంచి 1887 వరకే వేసింది. నాన్న తుపాకీ వయసు అలా తెలిసింది. ఎంత సంతోషమేసిందో!

ఆ సంతోషం బావగారు జేబులోంచి కొత్త తూటాలు తీసేదాకానే. "చూడు, ఎంత చక్కగా పట్టాయో" అన్నారు. పట్టడమే ప్రమాదం. తూటా పొడవు పేలాక మూతి విచ్చుకున్న కొలత. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి, 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల పాత గదిలోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటులోకి, హాయిగా దిగిపోతుంది. పేలినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టం ఇరుకయ్యే చోట అడ్డుపడుతుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. పైగా ఈ గొట్టాలు డమాస్కస్‌వి. ఇనుము, ఉక్కు కడ్డీలు మెలిపెట్టి, చుట్టలు చుట్టి, సుత్తితో అతికినవి. వాటి మీద నీటి అలల్లాంటి గీతలు అందుకే. ఇప్పటి తూటాల్లో ఉండే పొగలేని మందుకు పరీక్షించిన తుపాకీకి నైట్రో ప్రూఫ్ ముద్ర ఉంటుంది, బర్మింగ్‌హామ్‌లో అయితే 1904 నుంచి కిరీటం కింద ఎన్.పి. అని, 1954 తర్వాత బి.ఎన్.పి. అని. రెండు గొట్టాలూ వెతికాను. లేదు.

ఇదంతా చెప్పాక, "పోనీ టైరుకి కట్టి, దూరం నుంచి తాడుతో లాగి చూద్దాం" అన్నారు. ఒకసారి తట్టుకుంటే ఏం రుజువైనట్టు? ఆ దెబ్బకే లోపల పగులు మొదలై, ఆ తర్వాతెప్పుడో విచ్చుకోవచ్చు. అప్పుడు గొట్టం కింద ఉండేది మనిషి ఎడమ చెయ్యి. అక్క మాట్లాడకుండా కూర్చుంది. అది ఇంకా కష్టమనిపించింది. ఆఖరికి బావగారు, "మామయ్యగారు కాల్చేవారుగా, ఏమైంది?" అన్నారు. నేను జవాబివ్వకుండా లేచి వచ్చేశాను.

ఇంతసేపూ ఆ ప్రశ్నే నన్ను తినేస్తోంది. కాల్చేవారు, నిజమే. కాల్చి ఇంటికి రాగానే గొట్టాలు విప్పి పెరట్లో పెట్టేవారు. నాకు గరాటు ఇచ్చి పట్టుకోమనేవారు. మరిగే నీళ్లు అందులోంచి పోస్తే కింద నల్లగా కారేది, కుళ్లిన గుడ్డు కంపు కొట్టేది. తెల్లటి నీళ్లు వచ్చేదాకా పోస్తూనే ఉండేవారు. ఇనుము మీద నీళ్లేంటి నాన్నా అంటే, వేడికి అదే ఆరుతుందిలే అనేవారు. ఆరాక కడ్డీకి గుడ్డ చుట్టి తుడిచి, నూనె పట్టించి, వెలుగు వైపు పెట్టి నన్ను చూడమనేవారు. లోపల ఉంగరాలు ఉంగరాలుగా వెలుగు. "మచ్చ ఏమైనా ఉందా? సరిగ్గా చూడు" అనేవారు. నేను లేదంటేనే తుపాకీ పెట్టెలోకి వెళ్లేది.

ఆ కంపు గంధకానిది. బ్లాక్ పౌడర్ (పొగ వచ్చే పాతకాలపు తుపాకీ మందు) మసి తేమను లాగి తుప్పు పట్టిస్తుంది, అందుకే వేడినీళ్లు. అంటే నాన్న వాడింది బ్లాక్ పౌడరే. తూటాలు కూడా తనే నింపుకునేవారు. ఆ తుపాకీని ఏ మందుతో పరీక్షించారో అదే వేశారు, కాబట్టే అది నిలబడింది. బావగారి మాట నిజమే కానీ, అది ఆయన జేబులోని తూటాలకు వర్తించదు.

ఇది రాస్తుంటే పైన నేనన్న మాట కూడా సరికాదనిపిస్తోంది. గోడకి తగిలిస్తే ఎవరో ఒకరు, మళ్లీ ఇలాగే ఏదో ఒక తూటా పట్టించి చూస్తారు. అంతకంటే పాత తుపాకులు తెలిసిన పనివాడికి ఇవ్వడం మేలు. గొట్టం మందం పొడవునా కొలవాలి. లోపలి గుంటలు, రెండు గొట్టాల మధ్య పట్టీ కింద తుప్పు, గదుల పొడవు, మూసినప్పుడు వెనక సందు ఉందా, అన్నీ చూడాలి. మనం కంటితో చూసి చెప్పగలిగేవి కావు. అన్నీ సరిగ్గా ఉన్నాయంటే, పొట్టి తూటాలతో, తేలికపాటి బ్లాక్ పౌడర్‌తో కాల్చనివ్వాలి. బావగారినే కాల్చమంటాను. కోపం ఉన్నా ఆ మాట అంటాను.

అక్కకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, ఆ తూటాలు ఈ తుపాకీ ఉన్న గదిలో కూడా ఉంచొద్దని. గొట్టాలు పల్చబడ్డాయని తేలితే, పాతవి కోసి కొత్త ఉక్కు గొట్టాలు అతికే పద్ధతి ఉందని బావగారు తప్పకుండా అంటారు. దానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ అలల గీతలు పోతాయి. అక్క ఏమంటుందో చూడాలి, తుపాకీ ఇప్పుడు తన పేరు మీదే కదా.