పొయ్యి పక్కన పుస్తకం: మూడు నెలల లెక్క

గత ఏడాది జనవరి 1న క్యాలెండరు వెనక అట్ట మీద ‘24 పుస్తకాలు, 12 వంటలు’ అని రాసుకున్నాను. డిసెంబరు ఆఖరుకు తేలినవి 7 పుస్తకాలు, 3 వంటలు. ఆ మూడింటిలో ఒకటి నిమ్మకాయ పులిహోర కావడంతో దానిని లెక్కలో చేర్చడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. పుస్తకాల లెక్క అంతకంటే సిగ్గుచేటు. నవంబరు వచ్చేసరికి సంఖ్య పెంచుకోవడం కోసం అరలో అన్నిటికంటే పలచగా ఉన్నవాటిని ఏరుకుని చదివాను. పుస్తకాలను ఎన్ని అని లెక్కపెట్టుకుంటే చెయ్యి సన్నని పుస్తకం మీదకే పోతుందని నాకు అప్పుడు అర్థమైంది.

అందుచేత ఈ ఏడాది లెక్క మార్చాను. రోజుకు 15 పేజీలు, ఏ పుస్తకమైనా సరే; నెలకు ఒక్క వంట, అది మా అమ్మ చేసేదై, నాకు ఇప్పటిదాకా చేతకానిదై ఉండాలి. రెండింటికీ నాకు తీరిగ్గా దొరికేది ఆదివారం ఉదయమే కనుక, వండుతూ చదవడం, చదువుతూ వండడం అనే పద్ధతి పెట్టుకున్నాను. అది ఎక్కడ కుదిరిందో, ఎక్కడ బెడిసికొట్టిందో రాసి పెట్టుకోవడమే ఈ లెక్క ఉద్దేశం.

జనవరి

విజయవాడలో ఉండేవారికి జనవరి మొదటి రోజులంటే పుస్తకాల పండుగ. 1989లో మొదలైన పుస్తక మహోత్సవానికి స్వరాజ్ మైదానంలో జరిగే రోజుల నుంచీ వెళుతున్నాను. వెళ్ళిన ప్రతిసారీ చదవగలిగినన్నిటికి మూడు రెట్లు కొనడం నా అలవాటు. ఈసారి సంచీ తీసుకువెళ్ళకుండా, చేతిలో పట్టినన్నే కొనాలని నియమం పెట్టుకుని నాలుగుతో బయటపడ్డాను. ఆ తరువాతి వారం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఇంకో రెండు కొన్నాను గానీ, పాతవి కాబట్టి అవి నియమం కిందకు రావని సర్దిచెప్పుకున్నాను.

నెల వంట అరిసెలు. మొదటి వంటగా అరిసెలు ఎంచుకోవడం తెలివితక్కువ పనేనని ఒప్పుకుంటున్నాను, కానీ సంక్రాంతి ఎదురుగా ఉన్నప్పుడు వేరేది చేయాలనిపించలేదు. అమ్మ కొలతలన్నీ సోలల్లోనూ తవ్వల్లోనూ ఉంటాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్నంతవరకు బాగానే ఉంటుంది గానీ ఆమె సోలకూ మా అత్తగారి సోలకూ పొంతన లేదు. చివరికి కాటా మీదకు తెచ్చుకున్న కొలత ఇది: కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక రాత్రీ ఒక పగలూ నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి, వడకట్టాక తడి పూర్తిగా ఆరకముందే పిండి పట్టించాలి.

బియ్యం నానినంతసేపూ చదువు చక్కగా సాగింది. పాకం దగ్గరే నా పద్ధతి బోల్తా పడింది. బెల్లం కరిగి నురగ కట్టాక ఒక చుక్క నీళ్ళ గిన్నెలో వేసి చూశాను. అది అడుగున పల్చగా పరుచుకుంది. ఇంకా టైము ఉంది కదా అని రెండు పేజీలు తిప్పి వచ్చి మళ్ళీ వేశాను. ఈసారి చుక్క గిన్నెకు తగిలి టంగుమంది. కావలసింది ఆ రెండింటికీ మధ్యది: వేళ్ళ మధ్యకు తీసుకుంటే మెత్తని ఉండగా చేరాలి, నొక్కితే సాగాలి. ముదిరిన పాకంలో పిండి కలిపేసరికి అరిసెలు పళ్ళకు పరీక్ష పెట్టాయి. రెండో వాయికి భయపడి తొందరగా దించాను. ఆ పాకం లేతగా ఉండడంతో నూనెలో వేసిన మొదటి అరిసె విడిపోయి మూకుడంతా పాకింది. గుంటూరులో ఉన్న అమ్మకు ఫోను చేస్తే, ‘పుస్తకం ఎక్కడ మూసినా అక్కడే ఉంటుంది, పాకం నీ కోసం ఆగదురా నాయనా’ అని, కొంచెం తడిపిండి కలుపుకోమని చెప్పింది. అలా చేశాక 14 అరిసెలు నిలబడ్డాయి. చెక్కల మధ్య వాటిని నొక్కినప్పుడు నూనె కారుతున్న తీరు చూస్తే, అంత నూనె ఇన్నాళ్ళూ ఎక్కడ తింటున్నామా అనిపించింది.

నెలకు 465 పేజీలు చదవాలి, చదివినవి 340.

ఫిబ్రవరి

అరిసెల అనుభవంతో వంటలను రెండు జాతులుగా విడదీశాను: మనల్ని వదిలేవి, వదలనివి. ఈ నెలకు వదిలే జాతిలో మేటి అయిన ఉలవచారు తీసుకున్నాను.

అర కిలో ఉలవల్లో రాళ్ళు ఏరి, కడిగి, రెండున్నర లీటర్ల నీళ్ళలో 12 గంటలు నానబెట్టి, అదే నీటితో కుక్కరులో పది కూతలు రానిచ్చాను. వడకట్టిన ఉలవలు గుగ్గిళ్ళుగా సాయంత్రానికి పనికివచ్చాయి. ఆ కట్టులో చింతపండు పులుసు, ఉల్లిపాయ ముక్కలు, చీరిన పచ్చిమిరపకాయలు, పసుపు, కారం, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి సన్నని సెగ మీద పెట్టాను. ఎంత మరిగిందో కంటితో చూసి చెప్పడం నాకు రాదు కనుక చీపురుపుల్ల ఒకటి కడిగి, గిన్నెలో నిలువుగా ముంచి, తడిసినంతమేర పెన్నుతో గీత పెట్టాను. మొదట నాలుగు అంగుళాలున్నది ఒకటిన్నర అంగుళాలకు దిగేసరికి గంటన్నర పట్టింది. పావుగంటకు ఒకసారి ఫోను మోగేలా పెట్టుకుని, లేచి అడుగంటకుండా కలిపి మళ్ళీ కూర్చున్నాను. ఒక్కో విడతలో ఎనిమిది పేజీల చొప్పున 48 పేజీలు సాగాయి. వెల్లుల్లి, ఎండుమిరప, కరివేపాకు తాలింపు పెట్టి, వేడి అన్నంలో మీగడతో తిన్నాం. పులుపు ఒక పాలు ఎక్కువైంది. మళ్ళీసారి చింతపండు సగం వేసి, చివర్లో రుచి చూసి పెంచాలి.

420కి గాను 455 పేజీలు. గత ఏడాది ఏ నెలలోనూ ఇంత చదవలేదు.

మార్చి

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ని ఇరవై ఏళ్ళుగా మొదలుపెట్టి వదిలేస్తున్నాను. ఆయన జైలులో ఉండగా రాసిన ఆ నవలను అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని పరీక్షల కోసం బట్టీపట్టిన తరం మాది, చదివినవాళ్ళం తక్కువ. కంటితో చదివితే పల్లె మాటల దగ్గర నా చదువు తడబడుతున్నది. నెల మూడో ఆదివారం గుంటూరు వెళ్ళినప్పుడు అమ్మ ఎర్ర గోంగూర కట్టలు ముందేసుకుని కూర్చుంది. ఆకు కోయడం చేతులను వదలని పని, కానీ చెవులు ఖాళీ. ఆమె కోస్తుంటే నేను పైకి చదివాను. కూలి గురించిన ఘట్టాలు వచ్చినప్పుడు నన్ను ఆపి, తన చిన్నప్పుడు కళ్ళంలో కుంచాలతో ధాన్యం ఎలా కొలిచేవారో, కొలిచే మనిషి వేళ్ళు కుంచం అంచు మీద ఎక్కడ ఉంటే ఎవరికి లాభమో చేత్తో చూపించింది. నాలుగు కట్టలు అయ్యేసరికి 31 పేజీలు, పుస్తకం అంచున పెన్సిలుతో 14 మాటల అర్థాలు.

గోంగూర నిల్వ పచ్చడికి ముఖ్యమైనది తడి లేకపోవడం. కడిగిన ఆకును పాత పంచె మీద పరిచి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టాం. ఎండలో వద్దని అమ్మ గట్టిగా చెప్పింది. అర కిలో ఆకుకు 75 గ్రాముల ఎండుమిరపకాయలు, అంతే ఉప్పు, 50 గ్రాముల చింతపండు, వేయించి కొట్టిన మెంతిపొడి ఒక చెంచా. ఎర్ర గోంగూర పులుపు ఎక్కువ కాబట్టి చింతపండు ఇంకా తగ్గించవచ్చు. ఆకు నూనెలో మగ్గి ముద్దయ్యేదాకా గరిటె వదలకూడదు, అంటే పుస్తకం మూసేయాలి, ఈసారి మూశాను.

ఏప్రిల్ వంట ఇంకా తేల్చుకోలేదు. ఆవకాయకు మంచి కాయ రావాలంటే మే దాకా ఆగాలని అమ్మ అంటున్నది. జాడీని బస్సులో ఒళ్ళో పెట్టుకుని బెజవాడ తెచ్చాను. ఎల్లుండి మూత తీసి, అడుగు నుంచి ఒకసారి తిరగకలిపి, ఉప్పు చూడాలి.