హత్య ముందు ఎవరి పేరుండాలి

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) ఉద్యోగ పరీక్షలకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళందరి దగ్గరా ఒక లిస్టు ఉంటుంది. రెజిసైడ్, పాట్రిసైడ్, మాట్రిసైడ్, ఫ్రాట్రిసైడ్, ఇన్ఫాంటిసైడ్, హోమిసైడ్, సూయిసైడ్, జెనోసైడ్. 'వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్' చాప్టర్‌లో ఇవన్నీ వరసగా ఉంటాయి. రాజును చంపితే ఒక మాట, తండ్రిని చంపితే ఒక మాట, అన్ననో తమ్ముణ్ణో చంపితే ఇంకో మాట. పిల్లలు బట్టీ పడతారు. వస్తే ఒకటో రెండో మార్కులు వస్తాయి, పరీక్ష అయ్యాక మర్చిపోతారు.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో, ఒక మేడ మీద గదిలో నేను చెప్పే పాఠాల్లో ఇదీ ఒకటి. ఆమదాలవలస నుంచి, నరసన్నపేట నుంచి, పాలకొండ నుంచి, అటు బొబ్బిలి నుంచి కూడా వచ్చి రూములు తీసుకుని చదువుకునే పిల్లలు నా దగ్గరికి వస్తారు. మొదటిసారి ఈ లిస్టు బోర్డు మీద చూసినప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఇంగ్లీషోల్లకి సంపడానికి ఇన్ని మాటలేటి మేడమ్?"

అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈ పాఠాన్ని హడావిడిగా దాటెయ్యను.

ఈ మాటలు ఇంగ్లీషువాళ్ళ సొంతం కాదు. 'మర్డర్' అనేది వాళ్ళ పాత మాట. 'సైడ్' గుంపంతా లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో 'కైడెరే' అనే క్రియ ఉంది. నరకడం, కొట్టడం, కోయడం, చంపడం, అన్నిటికీ అదే. దాన్నుంచి రెండు ప్రత్యయాలు పుట్టాయి, ఒకటి చంపినవాడికి, రెండోది చంపడమనే పనికి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ 'సైడ్' అయిపోయాయి. అందుకే రెజిసైడ్ అంటే రాజహత్యా అవుతుంది, రాజును చంపినవాడూ అవుతాడు. 1649 జనవరి 30న ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ తల నరికారు. ఆ డెత్ వారంటు మీద సంతకం పెట్టిన 59 మందినీ చరిత్రలో రెజిసైడ్స్ అనే అంటారు. ఆపరేషన్‌లో పెట్టే 'ఇన్సిషన్' కూడా ఆ క్రియ నుంచి వచ్చిందే. 'డిసైడ్' కూడా అంతే. అటా ఇటా అని ఊగకుండా ఒక వైపును కోసి పారేయడం.

మూలం ఇలా చెబితే సగం మందికి ఎక్కుతుంది. మిగతా సగానికి పురుగుమందుల షాపు గుర్తుచేస్తాను. మా క్లాసులో ఎక్కువమంది రైతుల పిల్లలే. ఇంట్లో ఉన్న ఖాళీ డబ్బా మీద ఏం రాసుందో దూరం నుంచి చదివి రాసుకు రమ్మంటాను. సుడిదోమకి కొట్టేది ఇన్సెక్టిసైడ్. అగ్గితెగులుకి కొట్టేది ఫంగిసైడ్. ఊదగడ్డి చావడానికి కొట్టేది హెర్బిసైడ్. ఎలకలకి పెట్టేది రోడెంటిసైడ్, లాటిన్‌లో 'రోడెరే' అంటే కొరకడం. 'పెస్టిస్' అంటే మహమ్మారి, పెస్టిసైడ్ అందులోంచి వచ్చింది. మన షాపుల్లో బాగా వినపడే 'వీడిసైడ్'కి తల ఇంగ్లీషు, తోక లాటిన్. ఒక కుర్రాడు డబ్బా మీది గుర్తును కూడా నోట్సులో గీసుకొచ్చాడు. మూల మీద నిలబెట్టిన చతురస్రం, మధ్యలో అడ్డగీత, పై సగంలో పుర్రె, ఎముకలు, 'పాయిజన్' అనే మాట, కింది సగం ఎరుపు. ఎరుపుంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ, ఆ వరసలో విషం తగ్గుతూ వస్తుంది. వాళ్ళ నాన్న ఏళ్ళ తరబడి ఆ డబ్బాలు వాడుతున్నాడు, ఆ రంగుల సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదట. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. అది నాకు మార్కుల కన్నా ఎక్కువ.

ఈ డబ్బాల వల్ల పిల్లలకి ఒక సూత్రం దొరుకుతుంది. 'సైడ్'కి ముందు ఉన్న ముక్క చచ్చేదాని పేరు. చంపేవాడి పేరు కాదు, చంపే కారణం కాదు. పురుగుమందు, ఎలకల మందు, గడ్డిమందు అని మనవాళ్ళు అనేదీ ఆ లెక్కే.

ఇక మనుషుల మాటలకి వస్తే సంగతి సులువవుతుంది. ఎందుకంటే తెలుగులో మనకి సంస్కృతం నుంచి సరిగ్గా అదే అచ్చులో పోసిన మాటలున్నాయి. పితృహత్య, మాతృహత్య, భ్రాతృహత్య, శిశుహత్య. లాటిన్ 'పాటెర్'కీ మన పితృకీ, 'మాటెర్'కీ మాతృకీ, 'ఫ్రాటెర్'కీ భ్రాతృకీ చుట్టరికం ఉందని చెప్పగానే ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా పెన్నులు కదులుతాయి. ఇబ్బంది పెట్టేవి రెండు మూడే. చెల్లినో అక్కనో చంపితే సొరోరిసైడ్. భార్యను చంపితే అక్సోరిసైడ్, 'ఉక్సోర్' అంటే భార్య. కన్నబిడ్డను చంపితే ఫిలిసైడ్. వీటిని పరీక్షలో అరుదుగా అడుగుతారు. నేను మాత్రం వదలను, ఎందుకో కింద చెబుతాను.

తల్లిదండ్రుల్ని చంపడాన్ని రోమన్లు మిగతా హత్యలతో కలపలేదు. దాన్ని పారిసైడ్ అన్నారు. అలా చేసినవాణ్ణి కుక్క, కోడిపుంజు, పాము, కోతితో పాటు తోలుసంచిలో పెట్టి కుట్టేసి నీళ్ళలో పడేయాలని వాళ్ళ చట్టంలో రాసుకున్నారు. క్రీ.పూ. 80లో రోమన్ లాయరు సిసెరో పేరు తెచ్చుకున్నది ఈ నేరం మోపిన రోషియస్ అనే అతని తరఫున వాదించే. క్రీ.శ. 59లో తల్లి అగ్రిప్పినాను చంపించిన నీరో మాత్రం చక్రవర్తి కనక ఏ సంచీ లేకుండా ఇంకో తొమ్మిదేళ్ళు ఏలాడు.

సూయిసైడ్ దగ్గర నేను ఆగుతాను. 'సుయి' అంటే తనను. పాత రోమన్లకి ఈ సమాసం లేదు, 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో వాడుకలోకి వచ్చింది. మా క్లాసులో ఒక్కో నోటిఫికేషన్ కోసం ఏళ్ళు ఎదురుచూసేవాళ్ళున్నారు. ఇంటి దగ్గర అప్పు, ఇక్కడ రూము అద్దె, పైన వయసు దాటిపోతోందన్న టెన్షన్. ఆ మాట బోర్డు మీద రాసి ఊరకే ముందుకు పోవడం నావల్ల కాదు. ఎస్.ఐ. పరీక్షకి చదివేవాళ్ళకి చట్టం మారిన సంగతి చెబుతాను. పాత శిక్షాస్మృతిలో 309 సెక్షన్ కింద ఆత్మహత్యాయత్నం నేరం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత నేరం అలా లేదు. ఆ తర్వాత 14416 అని పెద్ద అంకెలతో రాస్తాను. మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసి సాయం అడగడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరికి కావాలని అడగను. అందర్నీ ఫోన్లో సేవ్ చేసుకోమంటాను.

జెనోసైడ్ మాత్రం ఎవరు ఎప్పుడు పుట్టించారో మనకి కచ్చితంగా తెలిసిన మాట. రఫాయెల్ లెంకిన్ అనే పోలండు యూదు లాయరు. నాజీలు చేస్తున్నదానికి పేరే లేదని 1941లో చర్చిల్ రేడియోలో అన్నాడు. లెంకిన్ గ్రీకులో జాతి అని అర్థం వచ్చే 'గెనోస్'కి లాటిన్ తోక కలిపి 1944లో అచ్చులో పెట్టాడు. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్య సమితి ఆ మాట మీదే ఒక ఒప్పందం చేసింది. నాజీల మారణకాండలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న లెంకిన్, నేరానికి పేరు పెడితే గానీ కోర్టులో దాన్ని నిలబెట్టలేమని నమ్మి, చనిపోయేదాకా ఆ పని మీదే తిరిగాడు. కళింగ యుద్ధం జెనోసైడ్ అవుతుందా అని మా పిల్లలు అడుగుతారు. మనది కళింగ సీమే కదా. లక్ష మంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని తరలించామనీ అశోకుడే తన పదమూడో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. అయితే సంఖ్య ఒక్కటే చాలదు, ఒక జాతిని జాతిగా నాశనం చెయ్యాలన్న ఉద్దేశం ఉండాలి అంటుంది ఆ ఒప్పందం. రాజ్యం కలుపుకోడానికి చేసిన యుద్ధాన్ని అందులో చేర్చడం నాకు సబబనిపించదు.

ఒకసారి బొబ్బిలి నుంచి వచ్చిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మా కోటలో ఆడోల్లనీ పిల్లల్నీ సంపేసినారు కదా, దానికి ఏ మాటొస్తాది?"

1757 జనవరి 24. బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం రాజు విజయరామరాజు బలగం కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. కోట ఇక నిలవదని తేలాక, శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపేశారు. మగవాళ్ళు పోరాడి చనిపోయారు. తర్వాత తాండ్ర పాపారాయుడు గుడారంలోకి చొరబడి విజయరామరాజును చంపాడు. ఈ కథ మా జిల్లాల్లో బుర్రకథగా విననివాళ్ళుండరు.

నేను బోర్డు మీద రెండు మాటలు రాశాను. అక్సోరిసైడ్. ఫిలిసైడ్. వెనక బెంచీలో కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. "అది పౌరుషం మేడమ్, మర్డర్ ఎలాగవుద్ది?" అని ఒకడు లేచి నిలబడ్డాడు. మగవాళ్ళది పౌరుషమే, నేను కాదనను. ఫిరంగుల ముందు నిలబడి చనిపోయారు. లోపల ఉన్న ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా, పసిపిల్లల్ని ఎవరైనా అడిగారా అన్నదే నా ప్రశ్న. బొబ్బిలి రాజు రంగారావు పేరు తెలుసు, పాపారాయుడి పేరు తెలుసు, రాణి మల్లమ్మ పేరు తెలుసు. ఆ రోజు కోటలో చనిపోయిన మిగతా ఆడవాళ్ళ పేర్లు నేను విన్న ఏ బుర్రకథలోనూ లేవు. పౌరుషం అన్నప్పుడు కత్తి పట్టినవాడే కనిపిస్తాడు. ఫిలిసైడ్ అన్నప్పుడు బిడ్డ కనిపిస్తుంది. రెండు మాటలూ నోట్సులో రాసుకోమన్నాను. ఆ అమ్మాయి పక్కన 1757 అని కూడా రాసుకుంది.

నాకు అసలు బాధ కలిగించే మాట ఇప్పటిది. పేపర్లలో, టీవీల్లో 'పరువు హత్య' అంటున్నారు. వేరే కులం అబ్బాయిని పెళ్ళి చేసుకుందని కూతుర్ని తండ్రి చంపితే పరువు హత్య. చెల్లిని అన్న చంపితే పరువు హత్య. అల్లుణ్ణి మనుషుల్ని పెట్టి చంపించినా పరువు హత్యే.

శిశుహత్యలో చచ్చింది శిశువు. మాతృహత్యలో చచ్చింది తల్లి. ఆ లెక్కన పరువు హత్యలో చచ్చింది పరువు కావాలి. తెలుగు వ్యాకరణం బాగా వచ్చిన ఒక కుర్రాడు నాతో వాదించాడు. శిశుహత్య షష్ఠీ తత్పురుష, 'శిశువు యొక్క హత్య'. పరువు హత్య చతుర్థీ తత్పురుష, 'పరువు కొరకు హత్య'. వ్యాకరణం ఒప్పుకుంటుంది కదా మేడమ్ అన్నాడు. విగ్రహవాక్యం సరిగ్గా చెప్పాడు, మెచ్చుకున్నాను. కానీ నా అభ్యంతరం అక్కడే ఉంది. విభక్తి మారేసరికి చనిపోయిన పిల్ల మాటలోంచే వెళ్ళిపోయింది. ఆమె ఉండాల్సిన చోట చంపినవాడు చెప్పుకునే సాకు వచ్చి కూర్చుంది. పైగా ఆ సాకు పేరు 'పరువు', మనం గౌరవంగా వాడుకునే మాట. చంపినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఊళ్ళో తలెత్తుకుని తిరగడానికి ఆ హెడ్డింగే చాలు.

'కుల దురహంకార హత్య' అని రాసేవాళ్ళున్నారు. అది చాలా మేలు, కారణాన్ని కనీసం దాని అసలు పేరుతో పిలుస్తుంది. నాకు మాత్రం లాటిన్ మాటల పద్ధతే సరైందనిపిస్తుంది. ఎవరు చనిపోయారో ముందు చెప్పాలి. ఫిలిసైడ్, సొరోరిసైడ్ పరీక్షలో రాకపోయినా నేను వదలనిది ఇందుకే. తండ్రి కూతుర్ని చంపడం, అన్న చెల్లిని చంపడం అనే నేరాలకి ఎప్పటినుంచో పేర్లున్నాయి. వాటిలో ఎక్కడా పరువు లేదు.

నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఇప్పుడు ఒక పేపర్లో జిల్లా డెస్కులో ఉన్నాడు. అలాంటి హెడ్డింగ్ ఒకటి వచ్చిన రోజున ఫోన్ చేసి అడిగాను. "తెలుసు మేడమ్, కాలమ్‌లో చోటుండదు, రెండు ముక్కల్లో అయిపోవాలి" అన్నాడు. అక్షరాలు లెక్కపెట్టమన్నాను. 'పరువు హత్య' ఐదక్షరాలు. 'కూతురి హత్య' ఐదక్షరాలు. 'చెల్లెలి హత్య' కూడా ఐదే. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఎవరు చంపారన్నది సబ్ హెడ్డింగ్‌లో పెట్టొచ్చు మేడమ్, ఈసారి వస్తే అలా పెడతాను" అన్నాడు.

అలాంటి వార్త మళ్ళీ రాకుండా ఉంటే బావుండునని ఇద్దరం అనుకున్నాం.