పాలే కదా అనుకున్నాను

నిన్న సాయంత్రం మా మనవడు గిన్నె పట్టుకొచ్చి "అమ్మమ్మా, బువ్వ" అన్నాడు. రెండున్నరేళ్ల బిడ్డ నోరు తెరిచి అన్నం అడగడం ఇదే మొదటిసారి. ఆ సంతోషంలో రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా.

మాది పొదలకూరు దగ్గర పల్లె. కూతురూ అల్లుడూ చెన్నైలో ఉద్యోగాలు చేస్తారు, బిడ్డ నా దగ్గరే. ముద్ద చూస్తే చాలు మూతి బిగించేవాడు. కాకిని పిలిచా, చందమామను చూపించా, చివరికి సెల్లు కూడా చేతికిచ్చా. సెల్లు చూస్తా రెండు ముద్దలు మింగి మూడోది బుగ్గన పెట్టుకునేవాడు. అంగన్‌వాడీలో తూస్తే 10 కిలోల 100 గ్రాములు. కార్డులో చుక్క, బరువు తక్కువని చెప్పే పసుపు పట్టీలోకి దిగిపోయింది. "ఆస్పత్రిలో చూపించు పెద్దమ్మా" అంది టీచరు.

నెల్లూరులో పేరున్న పిల్లల ఆస్పత్రికి పోయాం. ఫీజు కట్టి మూడు గంటలు కూర్చున్నాం. తూకం మిషను హాలు నడిమధ్యలో పెట్టారు. నర్సు అంకె చూసి, అందరికీ వినబడేటట్టు "ఏం పెద్దమ్మా, కూతురి బిడ్డ అని కడుపు మాడుస్తుండావా?" అంది. కూర్చున్న వాళ్లందరూ నావైపు తిరిగారు. పక్కనున్నామె తన బిడ్డ బుగ్గలు నిమురుకుంటూ నన్ను చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. పురిటి స్నానం నుంచీ ఈ బిడ్డను నా చేతుల మీద పెంచాను. నేను తినకుండా వాడి వెనక గిన్నె పట్టుకుని వీధంతా తిరిగిన దాన్ని. ఆ మాటకు నోరు పెగల్లేదు.

లోపల డాక్టరు ఇంకా నయం అనుకుంటే ఆయన బిడ్డ ముఖం కూడా సరిగ్గా చూడలేదు. ఒంట్లో రక్తం ఉందో లేదో కనురెప్ప కిందికి లాగి చూడలేదు. ఏం తింటాడు, ఏం తాగుతాడు అని ఒక్క మాట అడగలేదు. రెండు నిమిషాల్లో ఆకలి పుట్టే సిరప్పు, పెద్ద పొడి డబ్బా రాసిచ్చి, డబ్బా కింద షాపులోనే కొనమన్నాడు. బస్సులో ఊరు చేరిందాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. బిడ్డను చూడని చోటికి ఎంత పేరుంటే ఏం లాభం?

సిరప్పు తాగి బిడ్డ పగలంతా తూగేవాడు. పొడి పాలల్లో కలిపిస్తే ఉన్న కాస్త ఆకలీ పోయింది. మూడు వారాలకూ తూకం కదల్లేదు.

అప్పుడు సర్కారు పెద్దాసుపత్రికి తీసకపోయాను. చీటీ, వరస, అంతా గంటలో అయిపోయింది. అక్కడి డాక్టరమ్మ, నా కూతురి కన్నా చిన్నది, ముందు కనురెప్ప లాగి చూసింది. తర్వాత "పాలు రోజుకు ఎన్నిసార్లమ్మా?" అంది. మా ఇంటి బర్రె పాలు, చిక్కనివి, రోజుకు లీటరు దాకా సీసాతో తాపుతా అని గొప్పగానే చెప్పాను. "ఇంక అన్నానికి కడుపులో చోటేదమ్మా?" అంది. పాలల్లో ఇనుము లేనట్టే లెక్కంట, తిన్న అన్నంలోని ఇనుమును కూడా అవి ఒంటికి పట్టనీయవంట. ఇనుము తగ్గితే ఆకలి చచ్చిపోతుందంట. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.9. ఈ వయసుకు 11 అన్నా ఉండాలి.

పాలు 400 మిల్లీలీటర్లు దాటకూడదు, అదీ గ్లాసుతో, అన్నం తిన్నాకే. పురుగుల మందు ఒకసారి, ఐరన్ సిరప్పు రోజూ. దొడ్డికి నల్లగా పోతే భయపడొద్దని ముందే చెప్పి పంపింది.

సీసా దిబ్బలో పారేశాను. నాలుగు రోజులు ఇల్లు దద్దరిల్లేటట్టు ఏడ్చాడు. "బిడ్డను చంపుతావా" అని మా ఆయన నా మీద అరిచాడు. నేను మెత్తబడలేదు, ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా ఉండాల. అయిదో రోజు నా కంచంలో చెయ్యి పెట్టి చేపల పులుసు కలిపిన అన్నం తీసుకుని నాకాడు! ముల్లు తీసి పెడితే నాలుగు ముద్దలు తిన్నాడు. నా చేతి పులుసుకు మా ఊళ్లో పేరుంది మరి.

ఇప్పుడు రాగిసంగటి, ఉడకబెట్టిన గుడ్డు, మునగాకు పప్పు, ఆదివారం కార్జం. పప్పన్నంలో మా తోట నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండుతా, నిమ్మలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మధ్యమధ్య బిస్కెట్లు బంద్, సెల్లు బంద్. వాడి చేత్తో వాడే తింటాడు, సగం కోళ్ల పాలవుతుంది, కానీ. అరగంటలో తినకపోతే గిన్నె తీసేస్తా, బలవంతంగా కుక్కను.

రెండు నెలలకు 10 కిలోల 900 గ్రాములు, హిమోగ్లోబిన్ 10.6. సిరప్పు ఇంకో మూడు నెలలు వెయ్యమన్నారు. ఆ పొడి డబ్బా సగం ఇంకా అటక మీదే ఉంది.