గుర్రం దారిచ్చేదాకా

స్కూటర్ ఆపి పావుగంటైంది. రోడ్డుకి అడ్డంగా గుర్రం, పక్కనే దాని పిల్ల. హారన్ కొట్టబుద్ధి కాలేదు. ఇక్కడ పాతకాపు అదే కదా!

ఈ యొనగుని దీవి గుర్రాలు పొట్టివి, భుజం దగ్గర నాలుగడుగులు ఉంటాయేమో. కళ్ళమీద పడే జూలు లోంచి నన్ను ఓసారి చూసి, మళ్ళీ గడ్డి మీద పడింది.

ఈ దీవి జపాన్‌కి పడమటి కొస. తైవాన్ 110 కిలోమీటర్లే, టోక్యో మాత్రం 2,000. గడియారం నడిచేది టోక్యో టైముతోనే. అందుకే రాత్రి ఏడు దాటినా ఎండ. మా అమ్మ వీడియో కాల్లో "అక్కడింకా పొద్దు గూకలేదా?" అంది, నమ్మకం లేకుండా.

గుర్రం కదిలాక ఇరిజాకి కొండకొమ్ముకి పరుగు. జపాన్‌లో చిట్టచివరి సూర్యాస్తమయం అక్కడేనని రాయి కూడా పాతారు. ఆకాశం బాగుంటే తైవాన్ కొండలు కనిపిస్తాయట. నాకు మబ్బే కనిపించింది.

స్కూటర్ అద్దెకిచ్చినాయన ఆలస్యమెందుకని అడగలేదు. నా చెప్పులకంటిన పేడ చూసి "ఉమా?" అన్నాడు. గుర్రమా అని.