నికెల్ పూత దగ్గరే ఆగాలి: పాత గ్రామఫోను లోహభాగాలతో నా అనుభవం

చిత్తూరులోని మా మేనమామగారి ఇంటి నుంచి నేను తిరుపతికి తెచ్చుకున్న గ్రామఫోను, 1925 నుంచి 1931 వరకు తయారైన హెచ్‌ఎంవి 101 రకానికి చెందినది. మూత వేసి చేత్తో మోసుకుపోగలిగే ఈ పెట్టెకు బయట కొమ్ము ఉండదు. శబ్దం వెళ్లే మార్గమంతా లోపలే అమరి ఉంటుంది. పెద్ద ఇత్తడి కొమ్ముతో దుకాణాల్లో కనిపించేవాటిలో చాలా భాగం ఇటీవలి దశాబ్దాల్లో మన దేశంలోనే తయారైన నకళ్లు కాబట్టి, అసలు యంత్రం చేతికి వచ్చినప్పుడు దాని మీది ప్రతి లోహపు ముక్కనూ గౌరవంగా చూడాలని నా పట్టుదల. కీ ఇస్తే స్ప్రింగు బలంతో నడిచే మోటారు బాగానే తిరుగుతోంది. పాడైనది పైపూత మాత్రమే: సూది ఉండే తలను రికార్డు మీద పట్టి ఉంచే గొట్టపు చెయ్యి, అంటే టోన్ ఆర్మ్ మీద బూడిదరంగు మసక, రికార్డు తిరిగే పళ్లెం అంచున తుప్పు చుక్కలు, మూత గడియల మీద, కీ తిప్పే పిడి మీద పూత లేచిపోయిన మచ్చలు ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసింది ఆ పూత నికెలా, క్రోమియమా అన్నది. క్రోమియం పూత 1920ల రెండో సగంలో గాని మార్కెట్లో వ్యాపించలేదు, అందువల్ల ఆ కాలపు యంత్రాల్లో రెండూ ఎదురవుతాయి. పగటి వెలుతురులో తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తే క్రోమియం నీలిఛాయతో అద్దంలా కనిపిస్తుంది, నికెల్‌లో మాత్రం కొద్దిపాటి పసుపు వెచ్చదనం ఉంటుంది. క్రోమియం మసకబారదు, దాని మీద చిన్న గుంటలు పడతాయి. నికెల్ గాలి సోకి మసకేస్తుంది. నా యంత్రం మీద ఉన్నది నికెలే. పూత పోయినచోట పసుపు కనబడితే అడుగున ఇత్తడి ఉన్నట్టు, ఎర్రటి తుప్పు కనబడితే ఉక్కు ఉన్నట్టు.

ఇంటికి వచ్చిన పెద్దవాళ్లందరూ చింతపండు, ఉప్పు వేసి తోమమని ప్రేమగా సలహా ఇచ్చారు. పూజసామాను విషయంలో ఆ సలహా సరైనదే, ఎందుకంటే చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, పైపొర కొంత పోయినా కింద ఉన్నదీ ఇత్తడే. నికెల్ పూత మందమైతే మిల్లీమీటరులో వందో వంతు ప్రాంతంలోనే ఉంటుంది. అందులోని కంటికి కనబడని రంధ్రాల గుండా పులుపు దిగి అడుగు లోహాన్ని తింటుంది, ఉప్పు అక్కడే నిలిచి ఆ తర్వాత కూడా తుప్పును పెంచుతూ ఉంటుంది. అందువల్ల ఆ దారి నేను తొక్కలేదు.

ముందుగా స్ప్రింగులోని బిగువంతా పోయేదాకా పళ్లేన్ని తిరగనిచ్చి, ఆ తర్వాతే భాగాలు విప్పాను. బిగువు ఉండగా మోటారును కదిలించడం ప్రమాదకరం. సూది కదలికను శబ్దంగా మార్చే సౌండ్ బాక్సును అన్నిటికంటే ముందు తీసి పక్కన పెట్టాను. అందులోని పలుచని పొర, గూడూరు గనుల వల్ల మన ప్రాంతానికి చిరపరిచితమైన అభ్రకంతో చేసింది. దానికి ఏ ద్రవమూ తగలకూడదు. ఎండిపోయిన గ్రీజును కిరసనాయిలుతో, చేతి జిడ్డును పలుచని కుంకుడుకాయ రసంతో తీసి, డిస్టిల్డ్ వాటరుతో కడిగి వెంటనే ఆరబెట్టాను. టోన్ ఆర్మ్ మీది మసకలో సగం ఈ కడుగుడుతోనే పోయిందని చెప్పాలి. మిగిలినదానికి మెత్తని లోహపు పాలిష్‌ను నూలుగుడ్డ మీద తీసుకుని, వేలి ఒత్తిడి తప్ప మరో బలం లేకుండా రుద్దాను. గుడ్డ నల్లబడుతున్నదంటే లోహం కూడా కొద్దికొద్దిగా లేచి వస్తున్నట్టే. కనుక అద్దం కాకముందే, మెత్తని కాంతి వచ్చినప్పుడే చెయ్యి ఆపాను. పళ్లెం అంచున తుప్పు చుక్కలకు పలుచని మిషను నూనె రాసి, నానిన తర్వాత వెదురు పుల్ల మొనతో ఒక్కొక్కటే తీశాను. చుక్కల కింద నల్లటి మరకలు మిగిలాయి, వాటిని అలాగే ఉంచాను.

గడియలకు, కీ పిడికి మాత్రం కొత్త పూత తప్పలేదు. రేణిగుంట రోడ్డు వైపు మోటారుసైకిల్ భాగాలకు పూత వేసే ఒక చిన్న కార్ఖానాకు వాటిని తీసుకువెళ్లాను. ఇప్పటి పద్ధతిలో నికెల్ మీద అతి పలుచగా క్రోమియం వేయడం మామూలు. "క్రోమ్ ఎయ్యకపోతే మసకేస్తాది సార్" అని అక్కడ పూత వేసే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. "మసకేసినా పర్వాలేదన్నా, నికెల్ దగ్గరే ఆపండి" అని నేను కోరాను. అంతకంటే ముఖ్యంగా బఫింగు గురించి మాట్లాడాను. పూతకు ముందు వేగంగా తిరిగే చక్రం మీద ముక్కను నునుపు చేసేటప్పుడు పదునైన అంచులు గుండ్రబడతాయి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి, ఆ నష్టాన్ని ఏ పూతా పూడ్చలేదు. ఆయన పక్కన నిలబడి ఏ అంచు ముట్టుకోకూడదో చూపించాను, ఎంతో ఓపికగా విన్నారు. పాత పూతను విద్యుత్తుతో తీసేసి, రాగి పొర వేసి, నికెల్ సల్ఫేటు, నికెల్ క్లోరైడు, బోరిక్ ఆమ్లం కలిసిన వెచ్చని తొట్టిలో ముక్కలను వేలాడదీశారు. పిడి మరల్లో పూత పడితే బిగుసుకుపోతుందని అక్కడ ముందే టేపు చుట్టించాను.

సౌండ్ బాక్సు వెనుక భాగాన్ని కార్ఖానాకు ఇవ్వలేదు. అది జింకు మిశ్రమపు పోత. ఆ కాలపు పోతల్లో సీసపు మలినం ఉంటే లోహం లోలోపలే ఉబ్బి పగుళ్లు తేలుతుంది, దాన్ని వెనక్కి మళ్లించే మార్గం లేదు. పైగా పూత తొట్ల ఆమ్లాలకు జింకు తట్టుకోలేదు. నా దాంట్లో సన్నని పగులు ఒకటి కనబడుతున్నందున పొడిగుడ్డతో తుడిచి వదిలేశాను.

అన్నీ బిగించాక లోహభాగాలకు మైక్రోక్రిస్టలిన్ మైనం పలుచగా పట్టించాను. కొబ్బరినూనె పూయవద్దని గట్టిగా చెబుతాను, అది కొంతకాలానికి బంకగా మారి దుమ్మును పట్టుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు తిరుపతిని తడిపే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులు ఉంచుతున్నాను. కొత్త పిడి ఇప్పటికి టోన్ ఆర్మ్ కంటే తెల్లగా కనిపిస్తోంది. గాలి సోకితే దానికీ ఆ పసుపు ఛాయ రావాలన్న ఉద్దేశంతో వార్నిషు వేయించలేదు.