షిమొనొసెకి సంధిని మెయిన్స్ కోసం ఎలా చదివాను

సివిల్స్ మెయిన్స్‌కు ప్రపంచ చరిత్ర చదువుతున్న మిత్రుల నోట్సులో మొదటి చైనా–జపాన్ యుద్ధం తరచుగా రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది: 1895 ఏప్రిల్ 17న జపాన్‌లోని షిమొనొసెకిలో ఇరు దేశాల మధ్య సంధి కుదిరింది, తైవాన్ జపాన్ వశమైంది. ఆ తర్వాతి పదిహేనేళ్ల తూర్పు ఆసియా చరిత్రలో చాలా భాగానికి మూలం ఈ ఒక్క పత్రంలోనే ఉంది కాబట్టి, దీనికి మరికొంత సమయం కేటాయించమని మిమ్మల్ని కోరుతున్నాను.

నేను నిబంధనలను వరుసగా రాసుకుని, ఒక్కొక్కటి తర్వాత దేనికి దారితీసిందో దాని పక్కనే రాసుకున్నాను. మొదటి నిబంధన కొరియాకు సంబంధించినది. కొరియా సంపూర్ణ స్వాతంత్ర్యాన్ని చైనా గుర్తించాలనీ, ఇకపై కొరియా నుంచి కప్పం అందుకోరాదనీ దాని సారాంశం. చూడటానికి ఇది ఉదారంగానే ఉంటుంది. కానీ 1905లో కొరియా జపాన్ రక్షిత రాజ్యమై, 1910లో పూర్తిగా విలీనమైన సంగతిని పక్కన రాసుకుంటే, చైనాను అక్కడి నుంచి తప్పించడమే దాని అసలు ప్రయోజనమని స్పష్టమవుతుంది.

రెండో నిబంధన ప్రకారం ఈశాన్య చైనాలోని లియావోడాంగ్ ద్వీపకల్పం, తైవాన్, దాని పక్కనున్న పెస్కడోర్స్ దీవులు జపాన్‌కు దక్కాయి. సంతకాలైన ఆరు రోజులకే రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ జోక్యం చేసుకోవడంతో, సంధి ప్రకారం చైనా చెల్లించాల్సిన 20 కోట్ల తాయెళ్ల (తాయెల్ అంటే చైనాలో వెండిని తూచే కొలమానం) యుద్ధ పరిహారానికి అదనంగా మరో 3 కోట్ల తాయెళ్ల వెండి తీసుకుని జపాన్ లియావోడాంగ్‌ను వదులుకుంది. అక్కడి పోర్ట్ ఆర్థర్ రేవును 1898లో రష్యాయే కౌలుకు తీసుకోవడం 1904–05 రష్యా–జపాన్ యుద్ధానికి ఒక ముఖ్య కారణం.

ఆరో నిబంధనను ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నా దృష్టిలో సామ్రాజ్యవాదంపై వచ్చే ప్రశ్నలకు అదే ఆయువుపట్టు. దాని ద్వారా చైనా రేవు పట్టణాల్లో కర్మాగారాలు పెట్టుకునే హక్కు జపాన్‌కు లభించింది. అత్యంత అనుకూల దేశం హోదా (ఒక దేశానికి ఇచ్చిన రాయితీ ఆ హోదా ఉన్న మిగతా దేశాలకూ వర్తించే నిబంధన) మూలంగా అదే హక్కు పాశ్చాత్య దేశాలకూ సంక్రమించింది. సరుకులు అమ్ముకోవడం నుంచి పెట్టుబడి పెట్టడం వైపు సామ్రాజ్యవాదం మళ్లిన తీరుకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

చర్చల క్రమం కూడా చదవండి. కాల్పుల విరమణ కావాలంటే తియాంజిన్, షాన్‌హైగ్వాన్ వంటి కీలక స్థానాలను అప్పగించాలని జపాన్ ప్రధాని ఇతో హిరోబుమి పట్టుబట్టాడు. మార్చి 24న చర్చల నుంచి పల్లకిలో బసకు తిరిగి వెళుతున్న చైనా ప్రతినిధి లీ హోంగ్‌జాంగ్‌పై ఒక జపాన్ యువకుడు కాల్పులు జరపగా, తూటా ఎడమ కంటి కింద దిగింది. ప్రపంచం ముందు తలవంపులపాలైన జపాన్ ఆ షరతులను వదులుకుని మార్చి 30న విరమణకు అంగీకరించింది. అయితే తైవాన్‌ను, పెస్కడోర్స్‌ను దాని పరిధిలోకి రానివ్వలేదు. ఆ దీవులపై జపాన్ ఎంత పట్టుదలతో ఉందో చూపడానికి ఈ ఒక్క మినహాయింపు చాలు.

చైనా సంస్కరణలపై ప్రశ్న వస్తే, నేను సమాధానాన్ని బీజింగ్‌లోని పరీక్షార్థులతో మొదలుపెడతాను. 1895 వసంతంలో ప్రభుత్వోద్యోగ పరీక్షల కోసం రాజధానికి వచ్చిన పట్టభద్రులను కూడగట్టి, సంస్కరణవాది కాంగ్ యూవెయ్ సంధిని తిరస్కరించాలని చక్రవర్తికి విన్నపం సిద్ధం చేశాడు. అక్కడి నుంచి 1898లో సుమారు వంద రోజులు సాగిన శతదిన సంస్కరణలకూ, 1905లో ఆ పరీక్షా విధానమే రద్దు కావడానికీ సమాధానాన్ని నేరుగా నడిపించవచ్చు.