నీ టికెట్టు డబ్బులు ఎవరు కట్టారు?

మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. సింగపూర్ బడుల్లో మాతృభాష కింద తమిళం ఉంది, హిందీ ఉంది, తెలుగు లేదు. అందుకని హిందీ తీసుకుంది. "ఇంట్లో తప్ప ఎక్కడా పనికిరాని భాష నాకెందుకమ్మా?" అని ఏడాదిగా పోట్లాట. నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు.

మొన్న దానికి హిస్టరీ ప్రాజెక్టు ఇచ్చారు. ఒకప్పుడు ఇక్కడికి వచ్చిన చైనా కూలీల గురించి. ఇద్దరం కూర్చుని చదివాం. దక్షిణ చైనా రేవుల నుంచి వచ్చేవాళ్ళని 'సింకే' అనేవారట, అంటే కొత్త అతిథి. ఓడ ఖర్చు పెట్టుకోలేనివాళ్ళని దళారులు అప్పు మీద తెచ్చేవారు. ఎవరో యజమాని వచ్చి ఆ అప్పు తీర్చి తీసుకెళ్ళేదాకా ఆ మనిషిని కదలనిచ్చేవారు కాదు. దీన్ని చైనా వాళ్ళే 'పందిపిల్లల వ్యాపారం' అన్నారు. కొందరినైతే మాయ చేసి సుమత్రాలోని డెలీ పొగాకు తోటలకి తరలించేవారు.

నన్ను పట్టి ఆపింది ఇంకొకటి. బ్రిటిష్ వాళ్ళు సింగపూర్‌లో 1819లో అడుగుపెట్టారు. ఊళ్ళో ఎక్కువమంది చైనా వాళ్ళే. అయినా 1872లో విలియం పికరింగ్ వచ్చేదాకా వాళ్ళ భాష మాట్లాడగల తెల్ల అధికారి ఒక్కడూ సర్కారులో లేడు. ఆయన సర్కారు పాత ప్రకటనల చైనీస్ అనువాదాలు తిరగేస్తే, తెల్లవాళ్ళని 'ఎర్రజుట్టు అనాగరికులు' అనీ పోలీసుల్ని 'పెద్ద కుక్కలు' అనీ రాసి ఉందట. యాభై ఏళ్ళు పాలించినవాళ్ళకి తమ పేరు మీద ఏం రాస్తున్నారో తెలియలేదు!

1877లో చైనా వలస కూలీల చట్టం, దళారుల మీద ఇంకో చట్టం వచ్చాయి. పికరింగ్‌ని చైనీయుల 'ప్రొటెక్టర్'గా పెట్టారు. ఓడ రాగానే ఆయన మనుషులు ఎక్కి ఒక్కొక్కరినీ అడగాలి, నీ టికెట్టు డబ్బులు ఎవరు కట్టారు అని. సొంతంగా కట్టుకున్నవాడు తన దారిన వెళ్ళొచ్చు. కట్టుకోనివాడిని డిపోకి, అంటే కొత్త కూలీలని ఉంచే లైసెన్సు ఉన్న చోటుకి పంపి, ఒప్పందాన్ని ఆఫీసులో నమోదు చేయించాలి. జనం ఆ ఆఫీసునే 'పికిలింగ్' అని ఆయన పేరుతో పిలిచేవారు.

"అయితే అందరూ ఫ్రీ అయిపోయారా?" అంది మా పిల్ల. కాలేదు. అప్పు అప్పుగానే ఉంది, కాగితం మీదకి ఎక్కింది, అంతే. గనులకీ తోటలకీ మనుషులు కావాలి, ఊళ్ళో గొడవలు ఉండకూడదు, సర్కారు లెక్క అది. మలయాలో, అంటే ఇప్పటి మలేషియా వైపు, మన భారతీయుల ఒప్పంద కూలీ 1910 దాకా, చైనా వాళ్ళది 1914 దాకా సాగింది. ఆ చట్టాన్ని నేను మెచ్చుకోలేను. కానీ ఓడ దిగిన పల్లెటూరి కుర్రాడిని తొలిసారి ఒక అధికారి వాడి భాషలో అడిగాడు కదా, అది మాత్రం నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

ఆ ఆదివారం సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి వెళ్ళాం. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఒకాయన దగ్గరికొచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, కట్టడం పనిలో ఉన్నాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన జీతం స్లిప్పు తీసి, "అమ్మా, ఇది కొంచెం చదివి పెడతారా" అన్నాడు. చెమటకి మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు మా పిల్ల అందుకుంది. 'డిడక్షన్' దగ్గర ఆగి నా వైపు చూసింది.

"పట్టుకున్నారు అని చెప్పు," అన్నాను.

"గదికి ఇంత పట్టుకున్నారు అంకుల్, అన్నానికి ఇంత పట్టుకున్నారు," అంటూ ఒక్కో వరుస మీద వేలు పెట్టి, తప్పులతోనే, చివరిదాకా చెప్పింది. ఆయన ప్రతి అంకెకీ తల ఊపాడు. స్లిప్పు తిరిగి ఇస్తూ అది అడిగింది:

"అంకుల్, మీ టికెట్టు డబ్బులు ఎవరు కట్టారు?"

"నానే కట్టుకున్నాను తల్లీ. ఏజెంటుకి కూడా నానే. పొలం తాకట్టెట్టి."

అది నా చేతిలోంచి పెన్ను లాక్కుని, స్లిప్పు వెనక పట్టుకున్నవన్నీ కూడి, మొత్తం వేసి ఇచ్చింది.